కొంగల కమ్మాయి నీడ కాఫీ

రాజపాళయం చుట్టుపక్కల చెరువులను ప్రపంచ స్థాయికి ఎత్తేదాకా తాను నిద్రపోనని మంత్రిగారు కల్యాణ మండపంలో నిండు సభ ముందు ప్రకటించారు. అప్పటికే భోజనం ముగించి, ఒక కునుకు తీసి, మొహం కడుక్కుని వచ్చి ఉన్నారు కనుక ఆ మాటను ఎవరూ శంకించలేదు.

మంత్రిగారు అంతకు ముందు వారమే ఒక చల్లని దేశంలో మహాసభకు వెళ్ళి వచ్చారు. అక్కడ పొద్దున ఒక పెద్దమనిషి, చెట్ల నీడలో కాఫీ పెంచితే అడవీ బతుకుతుంది, పిట్టలూ బతుకుతాయి అని చెప్పాడట. మధ్యాహ్నం ఇంకో పెద్దమనిషి, నీటి భూములను చట్టం పెట్టి కాపాడుకోవాలి అన్నాడట. రెంటి మధ్యా భోజనాలు. మామూలు మంత్రి అయితే ఇవి వేరువేరు సంగతులనుకుని రెండు ఫైళ్ళు మోసుకొచ్చేవాడు. మన మంత్రిగారు ఒకే ఫైలు తెచ్చారు. కాఫీ కొండల మీద పండుతుందనీ, నీళ్ళు పల్లంలో నిలుస్తాయనీ లోకంలో ఉన్న పాతకాలపు భేదభావం ఆయనలో మచ్చుకైనా లేదు. ‘నీడ కాఫీ, నీటి భూమి సమగ్ర సంరక్షణ పథకం’ అలా పుట్టింది. దానికి మొట్టమొదట ఎంపికైన అదృష్టం చోళపురం దారిలోని కొంగల కమ్మాయిది. తమిళనాడులో ఆ వైపు చెరువును కమ్మాయి అంటారు.

వేదిక మీద కె.పి. రఘురామ రాజా కూడా ఉన్నాడు. మిల్లులో స్పిన్నింగ్ మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. కొంగల కమ్మాయి కింద కాస్త మడి, ఆ కమ్మాయి రైతుల సంఘానికి అధ్యక్ష పదవి, మంచి పొడుగు, ఈ మూడూ ఉన్నందువల్ల మంత్రిగారికి పొన్నాడ కప్పే గౌరవం ఆయనకే దక్కింది. జరీ అంచు శాలువా అది. మంత్రిగారు దాన్ని భుజాన సర్దుకుంటూ, ఇక కమ్మాయి రక్షిత నీటి భూమి అయినట్టేననీ, అధ్యక్షుడు ఒప్పుకుంటున్నట్టేననీ మైకులో అన్నారు. నీటి భూమి అంటే నీళ్ళు ఉండే భూమే కదా అని రఘురామ రాజా నిండుగా తల ఊపాడు. కాఫీ మాట వినపడలేదా అంటే, వినపడింది. సభ అయ్యాక ఇస్తారు కాబోలు అనుకున్నాడు.

ఆ సాయంత్రమే ఆయన సావడికి వెళ్ళాడు. రాజపాళయంలో, ఎప్పుడో తెలుగు సీమ నుంచి వచ్చి స్థిరపడిన రాజుల వీధులకు, పదిమందీ కూర్చుని మాట్లాడుకోవడానికి వీధికొక సావడి. అక్కడ అన్న మాటను వెనక్కు తీసుకునే ఆచారం లేదు. సావడిలో మాటిచ్చి తప్పినవాడి ఇంట్లో పెళ్ళి జరిగితే ఊరంతటికీ ఒకేసారి మోకాళ్ళ నొప్పులు వస్తాయి. కమ్మాయి నిండక మూడేళ్ళయింది కాబట్టి రైతులు ఈసారి వరి వేయాలా మానాలా అని ఊగిసలాడుతున్నారు. రఘురామ రాజా దూలం కింద నిలబడి, మంత్రే చెప్పాడు, కమ్మాయిలో నీళ్ళు నిలుస్తాయి, అందరూ నారు పోయండి, దానికి నేను పూచీ అన్నాడు. అందరూ ఇళ్ళకు వెళ్ళి విత్తనాలు నానబెట్టుకున్నారు.

వారానికే లారీల్లో కాఫీ మొక్కలు దిగాయి.

వాటి వెనకే ప్రత్యేక అధికారి హరిహరన్ దిగాడు. చల్లని మనిషి. ఎండలో నిలబడ్డా ఏసీ గదిలో ఉన్నట్టే మాట్లాడేవాడు. ఎండిన కమ్మాయి కడుపులో వరసగా గుంతలు తవ్వించాడు. లోపల సీమతుమ్మ చెట్లు దట్టంగా అల్లుకుని ఉంటే, నీడ కాఫీకి చోటు చాలడం లేదని వాటిని కొట్టించాడు. చెట్లు పోయాక చూస్తే నీడ లేదు. ఈ లోపాన్ని అందరికంటే ముందు కనిపెట్టింది కూడా ఆయనే. మంత్రిగారు తనిఖీకి వచ్చేలోపు చెట్లు పెరగవు కనుక, పందిళ్ళ కాంట్రాక్టరూ పార్టీ వార్డు కార్యదర్శీ అయిన వసంత్‌ను పిలిపించాడు.

వసంత్ ఈ ఊరి బిడ్డ. ఈ ఊరి చుట్టుపక్కల మగ్గాల మీద ఆస్పత్రి కట్టుగుడ్డ నేస్తారు. దేశంలో ఎక్కడ ఎవడి మోకాలు చెక్కుకుపోయినా అందులో ఆ మగ్గాలకు కాస్త వాటా ఉంటుంది. అందుచేత వసంత్‌కు గుడ్డ అంటే కట్టుగుడ్డే గుర్తొచ్చింది. గుంజలు పాతి, కమ్మాయి ఈ కొస నుంచి ఆ కొసకు తెల్లటి బ్యాండేజీ గుడ్డ పరిపించాడు. ఎండ ఆగలేదు. రెండో మడత వేశాడు. అప్పుడూ ఆగలేదు. కోతకు ఒక మడత, పుండుకు రెండు, నీడకు నాలుగు అని చివరికి తేలింది. కట్ట మీద నిలబడి చూస్తే కమ్మాయికి ఏదో పెద్ద ఆపరేషన్ అయినట్టుంది.

అది చూసి వచ్చిన రోజు రఘురామ రాజా అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు. ఆయన భార్య సుగంధి కాసేపు చూసింది.

“తల ఆడించేదానికి ముందు కొంచెం యోచన చేయకూడదా? కోవెలలో ఆడించే తలను మంత్రి ముందర ఎందుకు ఆడించినారు?”

పొన్నాడ కప్పిన చేతితోనే ఆ మనిషిని కాదనడం ఎలాగో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

తరువాత పక్షుల కమిటీ వచ్చింది. నీడ కాఫీ ఉన్నచోట పక్షులు ఉండాలి, ఉంటేనే పై దేశపు మెచ్చుకోలు. కొంగల కమ్మాయి కొంగలు నీళ్ళు వెతుక్కుంటూ మంసాపురం వైపు వెళ్ళి రెండేళ్ళు దాటింది. అయితే ముందు రోజు పెద్ద గాలి వీచి పందిరి గుడ్డ అక్కడక్కడా చిరిగి, ఆ పేలికలు గట్టు పక్కన మిగిలిన తుమ్మ కొమ్మలకు చుట్టుకుని ఉన్నాయి. కమిటీ నాయకురాలు డాక్టర్ అభిరామి కట్ట మీద నుంచి బైనాక్యులర్‌తో చూసి, పెద్ద తెల్ల కొంగలు, అన్నది. ఆమె వెంట వచ్చినవాళ్ళు తలలూపారు. రఘురామ రాజాకు మాత్రం మనసు ఒప్పక, మర్యాదగా, అవి బ్యాండేజీలమ్మా అని చెప్పాడు.

హరిహరన్ వెంటనే అందుకున్నాడు. “ఈ వైపు ఆ పక్షిని అలా పిలుస్తారు మేడమ్.”

డాక్టర్ అభిరామి ముచ్చటపడింది. దగ్గర్లో లారీ హారన్ కొట్టినా ఒక్క కొంగ కూడా లేవకపోవడం గమనించి, ఇంత స్థిరమైన పక్షి జనాభాను తన సర్వీసులో చూడలేదని మెచ్చుకుని, ఫొటోలు దిగి వెళ్ళింది.

ఇదంతా ఒక ఎత్తు. పడమటి కొండల మీద వానలు పట్టుకోవడం ఇంకో ఎత్తు. ఊరి బావుల అడుగున మిగిలిన నీళ్ళతో పెంచిన నారు మడుల్లో జానెడు లేచి పచ్చగా ఊగుతోంది. కొండ మీద ఉరుము వినిపిస్తే చాలు, రఘురామ రాజా వీధిలోకి వచ్చి నిలబడేవాడు. కాలువలో ఎర్రనీళ్ళు బయల్దేరాయని కబురు రాగానే చెప్పులు కూడా తొడుక్కోకుండా కమ్మాయికి పరుగెత్తాడు. అక్కడ కాలువ నోటికి అడ్డంగా ఇసుక మూటలు పేర్చి ఉన్నాయి. కొండ నీళ్ళు కమ్మాయి గడప దాకా వచ్చి, లోపలికి దారి లేక, పక్కకు తిరిగి వాగులోకి పోతున్నాయి. పక్కనే హరిహరన్ గొడుగు కింద నిలబడి ఉన్నాడు.

నీళ్ళు లోపలికి వస్తే కాఫీ మొక్కలు మునిగిపోతాయని ఆయన ఓపికగా వివరించాడు.

“ఇది కమ్మాయి సార్,” అన్నాడు రఘురామ రాజా.

“ఇంతకు ముందు. ఇప్పుడు ప్రొటెక్టెడ్ వెట్‌ల్యాండ్.”

“దానికి నీళ్ళు వద్దా?”

“ప్రొటెక్షన్ అంటే అన్నిటి నుంచీ సార్. నీళ్ళను మాత్రం ఎలా మినహాయిస్తాం?”

ఇందులోని న్యాయం రఘురామ రాజాకు అందలేదు. మిల్లులో పనిచేసిన మనిషి కదా, నూలు తెగితే ముడి వేయడమే తెలుసు. ఆ రోజంతా వాగులోకి పోతున్న నీళ్ళను చూస్తూ గట్టు మీద కూర్చున్నాడు.

మంత్రిని కాదనడం రాదు కానీ, మెచ్చుకోవడం ఎవరికి రాదు? మర్నాడు తెల్ల పంచె కట్టుకుని మంత్రిగారి బంగళాకు వెళ్ళాడు. పథకం మహాద్భుతంగా ఉందన్నాడు. ప్రారంభోత్సవానికి ఊరు ఎదురుచూస్తోందన్నాడు. ఒకే ఒక్క చిన్న బెంగ అని నసిగాడు. ఎదుటి పార్టీ కుర్రాళ్ళు ఆ రోజు కమ్మాయి నేల మీద క్రికెట్ ఆడి, నీటి భూమిలో సిక్సర్ అని ఫొటోలు పెట్టాలని చూస్తున్నారట, నేల అంత పొడిగా ఉంది కదా అన్నాడు. మంత్రిగారి మొహంలో రంగు మారింది. నీటి భూమిలో నీళ్ళు లేవని ఇన్నాళ్ళూ తనకు ఎవరూ చెప్పలేదని ఫోన్లో హరిహరన్ మీద విరుచుకుపడ్డారు. సాయంత్రానికి ఇసుక మూటలు మాయమయ్యాయి.

నీళ్ళు పడ్డాయి చూడండి, ఏళ్ళ ఆకలి ఒక్కసారి తీర్చుకున్నట్టు తాగింది కమ్మాయి. కాఫీ మొక్కలు మునిగాయి, గుంజలు మునిగాయి, బ్యాండేజీ గుడ్డ ముందు తేలి తరువాత అదీ మునిగింది. నాలుగు రోజుల్లో కట్ట అంచున అలలు కొట్టుకుంటున్నాయి. రఘురామ రాజా ఇంటికి వచ్చి, సుగంధి వారిస్తున్నా వినకుండా వీధిలో వాళ్ళందరికీ కారప్పూస పంచాడు. ఆయన మొహంలో అంత వెలుగు కూతురి పెళ్ళినాడు కూడా లేదని సుగంధి తరువాత చెప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే తూము తెరవడానికి పాప్పమ్మాళ్‌ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. పాప్పమ్మాళ్ ఆయనకు వరసకు అత్త, ఒంటరి మనిషి, కమ్మాయి కింద ఒకటిన్నర ఎకరమే ఆమె ఆధారం. ఆయన సావడిలో పూచీ అన్నాక అందరికంటే ముందు నారు పోసింది ఆమే. అందుకే మొదటి నీళ్ళు ఆమె మడికే అని ఆయన అనుకున్నాడు.

తూముకు గొలుసు, గొలుసుకు తాళం, తాళానికి లక్క ముద్ర. పక్కన కుర్చీలో హరిహరన్.

రక్షిత నీటి భూమి ఇప్పుడు నిజంగానే నీటి భూమి అయిందని ఆయన అభినందించాడు. ఇక నీటిమట్టం వేలెడు కూడా తగ్గకూడదట. పై నుంచి శాటిలైట్ చూస్తూ ఉంటుందట. కాఫీకి సంబంధించిన పనులకు తప్ప ఈ కమ్మాయి నుంచి చుక్క నీరు బయటికి పోరాదని ఉత్తర్వు.

“కాఫీ మొక్కలు చచ్చిపోయినాయి కదా సార్,” అన్నాడు రఘురామ రాజా.

“చావలేదు సార్. కనపడడం లేదు, అంతే.”

ముందు కాఫీ కోసం నీళ్ళు వద్దన్నారు, ఇప్పుడు నీళ్ళ కోసం పంట వద్దంటున్నారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అన్న మాట పెద్దలు ఊరికే అనలేదు. కమ్మాయిలో అలలు తూము రాతిని తాకి చప్పుడు చేస్తున్నాయి. రాతికి ఇవతల, చూపు మేరలో, నారుమడి అంచులు పసుపు తిరుగుతున్నాయి. పాప్పమ్మాళ్ తాళాన్ని చూసింది, మడిని చూసింది, చివరికి ఆయన్ను చూసింది.

“నేను మొయిలు చూసి నారు పోయలేదు రఘురామా. నీ మొగం చూసి పోసినాను.”

అంతే అని, కొంగు తల మీద వేసుకుని కట్ట దిగి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. రఘురామ రాజాకు తల కొట్టేసినట్టయింది. ఆ తరువాత ఆయన సావడి వైపు పోలేదు. బజారుకు వెళ్ళాలన్నా చుట్టు తిరిగి వెళ్ళేవాడు. నారు ముదురుతోంది. ఇంకో నాలుగు రోజుల్లో నాటకపోతే కోసి పశువులకు వేయడమే.

సరిగ్గా అప్పుడు ప్రారంభోత్సవం వచ్చింది. కట్ట మీద వేదిక, జెండాలు, మంత్రిగారు నీళ్ళలో నడుస్తున్నట్టు పెద్ద ఫ్లెక్సీ. తళవాయిపురం దాకా బస్సులు పంపి జనాన్ని తెచ్చారు. వేదిక పక్కన వసంత్ నడిపే ఉచిత కాఫీ కొట్టు. కాఫీ పొడి ఎక్కడో కొండల మీద నుంచి మూటల్లో వచ్చింది, దాన్ని గురించి ఎవరూ అడగలేదు. ఇంత జనానికి కాఫీ కాచాలంటే నీళ్ళు కావాలి కాబట్టి, అది కాఫీకి సంబంధించిన పనే కాబట్టి, కమ్మాయిలోకి ఒక పెద్ద మోటారు దించి లావుపాటి పైపు వేయడానికి హరిహరనే అనుమతి ఇచ్చాడు.

మంత్రిగారు మైకు పట్టుకున్నారు. కొంగల కమ్మాయి నీడ కాఫీ నేటి నుంచి ప్రజలదని అన్నారు. ఈ నెలంతా ఎవరు వచ్చి కాఫీ అడిగినా లేదనరాదు, ఎలా అడిగితే అలా, ఎంత అడిగితే అంత ఇవ్వాలి, ఇవ్వనివాడిని అక్కడికక్కడే సస్పెండ్ చేస్తానని చెప్పారు. చప్పట్లు మోగాయి. హరిహరన్ ఆ మాట చేతిలోని ఫోన్లో రికార్డు చేసుకున్నాడు.

రఘురామ రాజాను వేదిక మీదికి పిలిచారు గానీ, ఆయన మోకాళ్ళ నొప్పి అని చెప్పి కిందే ఉండిపోయాడు. పొద్దుటి నుంచి నారుమడి గట్టున ఎండలో తిరిగి నోరెండిపోయి, కొట్టు దగ్గరికి వచ్చి వసంత్‌ను గ్లాసెడు మంచినీళ్ళు అడిగాడు.

“నీళ్ళు ఇచ్చేదానికి లేదు మామా, ప్రొటెక్టెడ్,” అన్నాడు వసంత్, నిజంగానే నొచ్చుకుంటూ. “కాఫీ తాగండి.”

రఘురామ రాజా కమ్మాయిని చూశాడు. అందులోకి దిగిన పైపును చూశాడు. ఆ పైపు వెంబడే చూపు తెచ్చి వసంత్ మొహం మీద ఆపాడు. వెనక క్యూలో వాళ్ళు విసుక్కున్నారు.

“సరి, కాఫీయే ఇయ్యి. చక్కెర వద్దు.”

వసంత్ తల ఊపాడు. ఆ క్యూలో సగం మందికి షుగరే.

“పాలు వద్దు.”

అదీ అలవాటే. చదువుకున్నవాళ్ళు ఇప్పుడు అలాగే తాగుతున్నారు.

“డికాషన్ వద్దు.”

వసంత్ చేతిలో గరిటె ఆగిపోయింది. అతను హరిహరన్ వైపు చూశాడు. హరిహరన్ దగ్గరికి వచ్చాడు. విషయం విని కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఆయన అడిగింది ఏమిటి?”

“కాఫీ,” అన్నాడు రఘురామ రాజా.

వేదిక మీద మంత్రిగారు ఇటే చూస్తున్నారు. హరిహరన్ ఒక్క క్షణం ఆలోచించి, అయితే ఆపడానికి తమకు అధికారం లేదని వసంత్‌తో అన్నాడు.

“ఎన్ని కప్పులు మామా?”

“కప్పు ఎందుకురా. ఆ పైపు ఇట్ల తిప్పు. ముందు పాప్పమ్మాళ్ అత్త మడికి. తర్వాత వరసగా అందరికీ.”

వసంత్ తిప్పాడు. అతని మేనమామ మడి కూడా ఆ వరసలోనే ఉందిలెండి. పైపు నోట్లోంచి నీళ్ళు ఎగజిమ్ముకుంటూ కట్ట మీంచి మడులకు పోయే బోదెలోకి దూకాయి. విషయం తెలిసిన రైతులు ఒక్కొక్కరే క్యూలోకి వచ్చి, తువ్వాలు నడుముకు చుట్టుకుని, ఎవరి కాఫీ వాళ్ళు పద్ధతిగా అడిగారు. చక్కెర వద్దు, పాలు వద్దు, డికాషన్ వద్దు. వసంత్ ఎవరినీ లేదనలేదు. ఒక ముసలాయన మాత్రం అలవాటు కొద్దీ వేడిగా కావాలన్నాడు, పక్కవాడు మోచేత్తో పొడిచాక సర్దుకున్నాడు.

బోదె నిండి, మడి గట్టు తెగి, నీళ్ళు పాప్పమ్మాళ్ నారు మొదళ్ళలోకి సర్రున పాకాయి. ఆమె చీర ఎగదోపుకుని మడిలోకి దిగి, కాలితో బురద తొక్కి చూసుకుంది. రఘురామ రాజా కట్ట మీదే బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాడు. ఆమె తల ఎత్తి, ఇన్నాళ్ళకు మళ్ళీ ఆయన్ను పేరు పెట్టి పిలిచింది.

“రఘురామా, రేపు నాటుకు కూలి ఆళ్ళు చాలరు. సుగంధిని పిలుచుకోని రా.”

ఆయన వస్తామన్నట్టు చెయ్యి ఎత్తాడు. తల మాత్రం ఊపలేదు.

వేదిక మీద మంత్రిగారు కుర్చీలోంచి లేచి నిలబడి చూస్తున్నారు. కొట్టు ముందు జనం, జనం వెనక జనం, ఎవరూ కదలడం లేదు. తన రాజకీయ జీవితంలో ఒక పథకం జనంలోకి ఇలా దూసుకుపోవడం ఆయన ఎన్నడూ చూడలేదు. పొన్నాడ కొసతో కళ్ళు ఒత్తుకున్నారు. హరిహరన్‌ను పక్కకు పిలిచి, వాళ్ళంతా అంత ఆత్రంగా తీసుకుంటున్నది ఏమిటని అడిగారు.

“కాఫీ సార్.”

“మన కాఫీయేనా?”

“మన కమ్మాయిదే సార్.”

మంత్రిగారు, ఈ సంగతి పత్రికలకు చెప్పాలనే ఉద్దేశంతో, జనం ఎలా ఇష్టపడుతున్నారు, స్ట్రాంగా, లైటా అని అడిగారు.

హరిహరన్ పైపు వైపు చూశాడు. బోదె వైపు, దాని వెంబడి మెరుస్తున్న మడుల వైపు చూశాడు.

“లైట్ సార్,” అన్నాడు.